ఉన్నచోటే ఉండండి

ప్రసూన ఇంట్ల ఫోన్ మోగితే ఎత్తదు. మోగి మోగి అదే ఊకుంటది లే అన్నట్టు చూస్తది. అత్త సుశీలమ్మకు ఇది అస్సలు మింగుడుపడదు. "పొద్దస్తమానం ఊరూ పేరూ తెలియని వాళ్ళందరితో మాట్లాడి వస్తుంది, గుమ్మం తొక్కగానే మూగనోము పడుతుంది మా కోడలు" అని పక్కింటోళ్ళకు చెప్పుకుంటది. సుశీలమ్మది మధిర దగ్గర ఊరు. మాట మెత్తగనే ఉంటది గానీ తగలాల్సిన కాడనే తగులుతది.

పాపం, ప్రసూనది నోమేం కాదు. ఇంటికొచ్చేసరికి మాటలు అయిపోతయి, అంతే. పాల్వంచల, అడవి ఊర్ల అంబులెన్సుల కోసం పెట్టిన చిన్న కంట్రోల్ రూమ్‌ల ఆమె ఉద్యోగం. ఆపదల ఉన్నోళ్ళు ఫోన్ చేస్తే ఎత్తాలె. ఏమైంది, ఏ ఊరు, మనిషికి స్పృహ ఉందా అని అడగాలె. దగ్గర్ల ఉన్న బండిని పంపాలె. చెప్పుకుంటే ఇంతే పని. "ఏముందమ్మా, ఫ్యాన్ కింద కూసోని ఫోన్లు ఎత్తుడే గద" అనేటోళ్ళు చుట్టాల్ల శానామంది ఉన్నరు. అట్లనేటోళ్ళను తోలుకొచ్చి ఒక్క పూట ఆ కుర్చీల కూసోబెట్టాలె, తిక్క కుదురుతది.

వచ్చే ఫోన్లల్ల సగం ఉత్తయే. రీఛార్జ్ ఎట్ల చేసుకోవాలె అని ఒకడు అడుగుతడు. తాగి పెండ్లాం మీద చాడీలు చెప్పేటోడు ఇంకొకడు. "ఊకెనే చేసిన మేడం, ఎత్తుతరో లేదో చూద్దామని" అనేటోడు మరొకడు. వాళ్ళను ఒక్క మాట అననీకి లేదు, "ధన్యవాదాలండీ" అని పెట్టెయ్యాలె. పెట్టీ పెట్టంగనే వచ్చే ఫోన్ల ఏ తల్లో గుండెలు బాదుకుంటుంటది. తిట్టాల్సినోని మీద మింగిన కోపం ఇంకా గొంతుల ఉండంగనే ఆమెను ఓదార్చాలె. పూట గడిచేసరికి నోట్ల తడి ఉండదు.

ఇంకా ఇంట్ల ఫోన్ ఎత్తే రోజుల్ల ఒకసారి మొగుడు మురళీకృష్ణ ఎరువుల దుకాణం నుంచి ఫోన్ చేసి, "బండి పంక్చరైంది ప్రసూనా, ఆలస్యమవుతుంది" అన్నడు. ఈమె "మనిషికి స్పృహ ఉందా అండీ?" అని అడిగింది. ఆయన రోడ్డు మీద నిలబడి కడుపు పట్టుకొని నవ్విండు. ఇంటికొచ్చి అమ్మకు చెప్పి ఇద్దరూ మళ్ళ నవ్విండ్రు. ప్రసూన మాత్రం నవ్వలే. ఆ రాత్రి దుప్పటి ముఖం మీదికి లాక్కొని ఏడ్చింది.

బండి మనిషి దగ్గరికి చేరిందంటే ఆమె పని అయిపోయినట్టే లెక్క. ఆ తర్వాత బతికిండా పోయిండా అన్నది ఎవరూ చెప్పరు. ఉద్యోగం కొత్తల డ్రైవర్లకు ఫోన్ చేసి అడిగేది. బతికిండంటే ఆ పూట అన్నం సయించేది, లేదంటే కంచం ముందట పెట్టుకొని కూసునేది. ఇట్లయితే బతుకుడు కష్టం అనిపించి, అడుగుడే బందు పెట్టింది. అడగనంతసేపు అందరూ బతికే ఉన్నరు అనుకుంటది. అది నిజం కాదని ఆమెకు తెల్వదా ఏంది? తెలుసు. ఏదో ఒకటి అనుకోకపోతే మళ్ళ పొద్దున్నే ఆ కుర్చీల ఎట్ల కూసుంటది?

ఫోన్ చేసిన ప్రతి మనిషికి ఆఖర్న ఆమె చెప్పే మాట ఒకటుంది. "ఉన్నచోటే ఉండండి. ఫోన్ ఫ్రీగా ఉంచండి. ఎవరికీ చెయ్యకండి, మేమే చేస్తాం." ఇది టౌన్ల ఉండేటోళ్ళకు చిన్న మాటే. ములకలపల్లి దాటి అడవిలకు పోతే మాత్రం పెద్ద మాట. ఆ గూడేలల్ల ఇండ్ల కాడ సిగ్నల్ ఉండదు. ఊరికి దూరంగ ఏ గుట్ట మీదనో ఒక బండ ఉంటది, అది ఎక్కితేనే ఫోన్ కలుస్తది. ఫోన్ చేసిన మనిషి ఆగమాగం బండ దిగి ఇంటికి ఉరికిండనుకో, డ్రైవర్‌కు దారి చెప్పేటోడు ఉండడు. పోయినేడు ఒక గూడెంల పాము కుట్టినాయన గట్లనే పోయిండు. ఫోన్ చేసిన తమ్ముడు ఉండబట్టలేక కిందికి ఉరికిండు, అంబులెన్స్ ఏమో అడవిల దారి దొరకక గిరగిర తిరిగింది. అప్పటిసంది ఆ గూడెం పెద్దమనుషులు గూడ కట్టు పెట్టుకున్నరు, ఫోన్ చేసినోడు బండ దిగొద్దని. ఇటు కంట్రోల్ రూమ్ మాట, అటు ఊరి మాట ఒక్కటైనయి.

ఆ రోజు ఆషాఢం ముసురు. మధ్యాహ్నం ప్రసూన టిఫిన్ డబ్బా తెరిచి ఒక ముద్ద నోట్ల పెట్టుకున్నదో లేదో ఫోన్ మోగింది.

"అక్కా, అంబులెన్స్ అక్కేనా? మా యశోదకు నొప్పులొస్తున్నయక్కా."

ఆ పిలగాని పేరు సీతయ్య. ఊరు పేరు చెప్పంగనే ప్రసూనకు తెలిసింది, పాము కుట్టిన కేసు గూడెమే అది. వాగు అవతల. యశోద ఆయన పెండ్లాం, తొలి కాన్పు.

"ఇంకా టైముంది అన్నదక్కా ఆశా మేడం. ముందుగాల్నే దవాఖానాల చేర్పిద్దామనుకున్నం. గీ వాన ఇడిస్తలేదాయె."

"ఉమ్మనీరు పోయిందా?"

"పోయిందంటక్కా, మా అమ్మ చెప్పింది."

"దగ్గర ఎవరున్నారు?"

"మా అమ్మ ముత్తక్క ఒక్కతే. ఊరోళ్ళంత నాట్లకు పోయిండ్రు. నేను ఉరికొచ్చి బండ ఎక్కిన."

ప్రసూన ఎడమ చేత్తోనే బండి నంబర్ కొట్టింది, కుడి చేతికి పప్పు అంటుకొని ఉంది. ములకలపల్లి దిక్కు తిరుపతి బండి ఖాళీగ ఉంది. తిరుపతి పాత డ్రైవర్, ఆ అడవి దారులు శానామట్టుకు తిరిగినోడు.

"తమ్ముడూ, బండి బయల్దేరింది. నువ్వు ఉన్నచోటే ఉండు. నేను చెప్పేదాకా దిగొద్దు. ఫోన్ ఫ్రీగా ఉంచు, ఎవ్వరికీ చెయ్యకు, నాకు కూడా చెయ్యకు. చార్జింగ్ ఉందా?"

"ఉందక్కా. తడవకుంట కవర్ల సుట్టుకున్న." మళ్ళ అన్నడు. "అక్కా, ఆమె శాన భయపడ్తంది. జర ఉరికి మొఖం చూపిచ్చి మళ్ళొస్త?"

"వద్దు నాయనా. డ్రైవర్ చేసినప్పుడు నువ్వు దొరక్కపోతే ఏమవుతుందో నీకు తెలుసు కదా."

"అవ్ అక్కా. తెలుసు." గొంతు చిన్నగైంది. "సరే, కదల."

కొంచెం సేపటికి తిరుపతి ఫోన్ చేసిండు. "అక్కా, వాగు మీదికెల్లి పారుతంది. కల్వర్టు కానొస్తలేదు. ఇవతలి ఊరోళ్ళు పై నుంచి నడక దారి ఉందంటున్నరు, నలుగురు మాతోని వస్తున్నరు. మంచం, కర్ర గూడ తెస్తున్నరు, మోసుకొచ్చుడే. ఇగ ఆ ఫోన్ చేసిన పిలగానితోని పని లేదు. దిగి ఇంటికి పొమ్మను, పెండ్లాం కాడ ఉంటడు."

"చెప్తాను తిరుపతీ. జాగ్రత్తగా వెళ్ళండి."

చెప్తాను అన్నది. చెప్దామని వేలు ఆ నంబర్ మీదికి పోయింది గూడ. సరిగ్గ అప్పుడే ఇంకో లైను మోగింది. మోగే ఫోన్ ముందా, చెయ్యాల్సిన ఫోన్ ముందా అంటే మోగేదే ముందు. కంట్రోల్ రూమ్‌ల ఎవరిని లేపి అడిగినా అదే చెప్తరు.

చండ్రుగొండ దిక్కు ఒక తండా. ద్వాలి అనే ఆమె, ఏం మాట్లాడుతుందో సగం అర్థమయితలేదు. పొలంల దమ్ము చేస్తుంటే ట్రాక్టర్ తిరగబడ్డది, మొగుడు ధన్‌సింగ్ బురదల కింద పడ్డడు. తల పైకే ఉంది, కాలు ఇరికింది. బండి పోయేదాకా ప్రసూన ఆమెతోని లైను మీదనే ఉన్నది. "ఆయనతో మాట్లాడుతూ ఉండమ్మా, కళ్ళు మూయనివ్వకు, నీ పేరేంటని అడుగు, పిల్లల పేర్లు చెప్పమను." ద్వాలి ఏడ్చుకుంటనే అడిగింది. ధన్‌సింగ్ పిల్లల పేర్లు చెప్తుంటే, అవి ఒక్కొక్కటి ప్రసూనకు గూడ వినబడ్డయి. శానాసేపటికి సైరన్ చప్పుడు, మనుషుల అరుపులు, ఫోన్ కట్.

ప్రసూన హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది. చేతికి అంటిన పప్పు ఎండిపోయి ఉంది. తల ఎత్తితే సాయంత్రం డ్యూటీకి ఉదయ్ భాస్కర్ వచ్చి రెయిన్‌కోటు దులుపుతుండు. మంచి పిలగాడే, నిదానస్తుడు. కుర్చీ అప్పజెప్పేటప్పుడు కేసులు చెప్పాలె. చెప్పింది. "ములకలపల్లి కాన్పు, మన వాళ్ళు చేరారు. చండ్రుగొండ ట్రాక్టర్, బండి చేరింది." స్క్రీన్ మీద రెండూ పచ్చగనే ఉన్నయి, అంటే చేరినట్టే లెక్క. చేరింది అన్న మాట నోట్లకెల్లి వస్తే ఆమె తలకాయల ఆ తలుపు దానంతట అదే మూసుకుంటది. ఏండ్లసంది అలవాటు చేసుకున్న తలుపు అది. బ్యాగు సంకకు తగిలించుకొని, షేర్ ఆటో ఎక్కి, కండ్లు మూసుకొని ఇంటికొచ్చింది.

ఇల్లు అలకంగనే పండుగైతదా? బండి చేరంగనే అన్నీ అయినట్టా? ఆ సంగతి ఆమెకు తెల్వక కాదు. కాకపోతే ఒంట్ల ఓపిక అనేది ఒకటుంటది గద, అది ఆ రోజుకు అయిపోయింది.

ఇంటికాడ ట్యాంకుల నీళ్ళు లేవు. మురళీకృష్ణ మేడ ఎక్కిండు, నిండంగనే కేకేస్తే కింద సుశీలమ్మ మోటారు ఆపాలె. నడుమ కరెంటు పోయింది. సుశీలమ్మ దీపం వెతుకుతూ కొడుకు సంగతే మరిచింది. ప్రసూన చీకట్ల గోడకు ఆనుకొని చాయ్ తాగుతున్నది. ఇంతట్ల ఆయన నీళ్ళు కారుకుంట కిందికి వచ్చిండు, మండిపడుకుంట.

"కరెంటు పోయిందని ఒక్కళ్ళన్నా చెప్పొద్దా? మోటారు ఆగిపోయి ఎంతసేపైందో ఏంటో! మనిషిని వానలో నిలబెట్టి మర్చిపోతారా ఎవరైనా?"

"అయ్యో నాయనా, తువ్వాలు ఇస్తానుండు" అన్నది సుశీలమ్మ.

ప్రసూన చేతిలకెల్లి చాయ్ గ్లాసు జారి కింద పడ్డది. ఆమె దాని దిక్కు చూడలే. లేచి బ్యాగుల ఫోన్ కోసం తడుముతుంటే సుశీలమ్మ నోరు తెరిచి చూసింది, కోడలు ఇంట్ల ఫోన్ పట్టంగ ఆమె చూసి ఎన్నాళ్ళాయెనో.

ముందుగాల తిరుపతికి చేసింది. ఏండ్లసంది అడగని మాట అడిగింది. "తిరుపతీ, ఆ కాన్పు అమ్మాయి ఎలా ఉంది?"

అవతల తిరుపతి ఏదో హోటల్ కాడ ఉన్నట్టున్నడు, గిన్నెల చప్పుడు. "నువ్వెందుకక్కా అడుగుతున్నవు? ఎప్పుడడగవు గద." అయినా చెప్పిండు. వాళ్ళు పోయేసరికే కాన్పైంది. ఆడపిల్ల, మంచిగుంది. తల్లికే రక్తం ఆగలే. మంచం మీద ఏసుకొని నడక దారిన మోసుకొస్తుంటే, వాగు కాడికి రాకముందే పాణం పోయింది. బండి ఎక్కనే లేదు. ఊరోళ్ళు మంచం ఎనకకు తిప్పుకొని గూడేనికి పోతున్నరు, వానల నిదానంగ. పిల్ల ఇంటికాడ ముత్తక్క దగ్గర ఉంది, ఆ ముసలమ్మకు ఇంకా తెల్వదు.

"ఆమె దారి పొడుగూత ఒకటే అడుగుడు అక్కా, మా ఆయన ఏడి, మా ఆయన ఏడి అని. ముత్తక్కనేమో మేము ఇంటి కాడ బయల్దేరేటప్పుడే, అంబులెన్స్ అక్క ఫోన్ల చెప్తే దిగొస్తడు అన్నది. నువ్వు అప్పుడే చెప్పినవు గద. వాడు రానే లేదు. గట్లాంటోళ్ళు ఉంటరక్కా, కాన్పంటే భయపడి ఏడనో తాగి పండుకుంటరు. దరిద్రుడు. అంత దూరం మోసిన పరాయోళ్ళు నయం."

"వాణ్ణి ఏమీ అనకు తిరుపతీ" అన్నది ప్రసూన. "నేను చెప్పలేదు. మర్చిపోయాను."

ఫోన్ పెట్టేసి ఉదయ్ భాస్కర్‌కు చేసింది, సీతయ్య నంబర్ కావాలని. "అది క్లోజైన కేసు అక్కా, నంబర్ బయటికి ఇవ్వకూడదు కదా" అని నసిగిండు. ఈమె సంగతి చెప్పింది. ఆయన మెల్లగ అన్నడు. "పోనీ నేను చేసి చెప్తా అక్కా. మీరు ఇంటికెళ్ళిపోయారు. మీకెందుకు?"

ఆ మాట వినంగనే ప్రసూనకు ఒక్క క్షణం పాణం లేచొచ్చింది. నిజం చెప్పాలంటే, చెప్పనీ, ఎవరో ఒకరు చెప్పనీ అనిపించింది. అంత అలసట ఆమెది. పొద్దున్నే లేచి మళ్ళ పోవాలె, మళ్ళ ఫోన్లు ఎత్తాలె. ఈ ఒక్కటి ఇంకొకరు మోస్తే ఏమైతది?

"వద్దు ఉదయ్. నిలబెట్టింది నేను. నంబర్ ఇవ్వు."

వరండాలకు పోయి నిలబడ్డది. వాన చూరు మీదికెల్లి దబదబ పడుతున్నది. నంబర్ కొట్టింది. ఒక్క రింగుకే ఎత్తిండు.

"అక్కా! ఆడ్నే ఉన్న. కదల్లే." పండ్లు కొట్టుకుంటున్నయి, మాట వణుకుతుంది. "నువ్వు చెప్పినట్టే ఎవ్వరికి చెయ్యలే. బండి చప్పుడు ఇనబడ్తదేమో అని చూస్తనే ఉన్న. వచ్చిందా అక్కా?"

అన్నేండ్లల్ల ప్రసూన నేర్చుకున్న మాటలన్నీ అడిగేటియే. ఊరేంది, పేరేంది, ఊపిరి ఆడుతుందా. చెప్పే మాట ఒక్కటి ఎవ్వరూ నేర్పలే.

"తమ్ముడూ, వాగు పొంగి బండి రాలేదు. మా వాళ్ళు వేరే దారిన నడిచి మీ ఇంటికి వచ్చారు. నువ్వు దిగిపోవచ్చని నీకు అప్పుడే చెప్పాల్సింది. చెప్పడం మర్చిపోయాను. తప్పు నాదే."

"అయ్యో, గంతేనా అక్కా" అన్నడు సీతయ్య. గుండెల మీదికెల్లి బరువు దింపుకున్నట్టు ఊపిరి ఇడిచిండు. "ఏం కాదు తియ్యి. వచ్చిండ్రు గద. తీసుకపోయిండ్రా యశోదను?"

"పాప పుట్టింది నాయనా. పాప బాగుంది, మీ అమ్మ దగ్గరుంది."

"ఆడపిల్లనా! యశోద గదే కావాలన్నది." నవ్విండు. ఆ నవ్వు ప్రసూన వినాల్సి వచ్చింది. "యశోద మంచిగుందా అక్కా?"

చెప్పింది. చుట్టూ తిప్పలే, దాచలే. రక్తం ఆగలేదని, దారిలనే పోయిందని, మంచం ఇంటికి తిప్పుకొని వస్తున్నరని, ఉన్నదున్నట్టు చెప్పింది.

అవతల వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఫోన్ కట్టయిందేమో అని చూసుకుంది. కాలే.

"నన్ను అడిగిందా?" అన్నడు.

అడగలేదు అంటే ఎంత సుళువు! ప్రసూన కండ్లు మూసుకున్నది. "అడిగింది తమ్ముడూ. దారంతా అడిగింది."

"నేను ఈడ ఉన్న అని ఎవరన్న చెప్పిండ్రా ఆమెకు? ఆమె కోసమే నిలబడ్డ అని?"

ప్రసూన ఏడుపు ఆపుకోలేకపోయింది. వెనక గడప కాడ సుశీలమ్మ వచ్చి నిలబడ్డది, కోడలి భుజం మీద చెయ్యేసింది. సీతయ్య ఆమెను తిట్టలే. తిడితే బాగుండు అనిపించింది. వాన కొంచెం తగ్గింది, మళ్ళ పెరిగింది.

"అక్కా" అన్నడు. బడిల పంతులును అడిగినట్టే అడిగిండు, ఇంకా ఆమె మాట మీదనే ఉన్నట్టు. "ఇగ నేను దిగనా?"

"దిగు నాయనా, దిగు" అన్నది ప్రసూన.

కాసేపు రాళ్ళు జారే చప్పుడు, ఆయన ఎగఊపిరి వినబడ్డయి. తర్వాత అవి గూడ వినబడలే.